మూతబడిన చాపెల్ కొని ఇల్లు చేసుకోవడం: మా అనుభవం

వేల్స్ పల్లెలో మూతబడిన చాపెల్ (ఆంగ్లికన్ కాని సంఘాల ప్రార్థనా మందిరం) ఒకటి మూడు వారాల్లో వేలానికి వస్తోందని, ఊళ్లో మామూలు ఇంటి ధరలో సగానికే దొరికేలా ఉందని, ముందు సమాధులు ఉండటంతో మీ అమ్మగారు ససేమిరా అంటున్నారని మీరు రాశారు. కొనవచ్చా అని అడిగారు. మేము కార్మార్థెన్‌షైర్‌లో అలాంటిదే కొని నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నాం. కొనవచ్చు. కాకపోతే మిగతా సగం ధర ఎక్కడికి పోయిందో చూసుకుని కొనండి. మా విషయంలో అది సమాధుల్లోకి, గబ్బిలాల్లోకి, మురుగు గొట్టాల్లోకి పోయింది.

ముందు అమ్మగారి సంగతి. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. మా అమ్మకు సమాధుల కన్నా పెద్ద బాధ ఇంకొకటి: "దేవుని మందిరంలో మంచాలు వేస్తావా నాయనా?" ఆంగ్లికన్ చర్చిలకు ఉండే ప్రతిష్ఠ తంతు ఈ చాపెళ్లకు ఉండదని, వెల్ష్ వాళ్లు దీన్ని 'టీ కుర్ద్' అంటారని, అంటే కూడికల ఇల్లు అని చెప్పి చూశాను. వినలేదు. 19వ శతాబ్దంలో ఇండిపెండెంట్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు పోటీలు పడి ఒక్కో ఊళ్లో రెండు మూడు కట్టుకున్నారు. మన సంఘాల్లో ఇప్పటికీ ప్రసంగాల్లో వినిపించే 1904 నాటి వేల్స్ ఉజ్జీవం ఇక్కడిదే. తర్వాత జనం పలచబడ్డారు, గోడలు మిగిలాయి. మాది ఎబెనెజర్, పక్క ఊళ్లలో బేతేలు, సీయోను, హోరేబు. అన్నీ మన జిల్లా ప్రార్థనా మందిరాల పేర్లే అని తెలిశాక అమ్మ కాస్త మెత్తబడింది.

సమాధుల గురించి భయం వద్దు గానీ లెక్క మాత్రం కావాలి. నేల మీ పేరున రిజిస్టరైనా అందులోని అస్థికలను కదిలించే హక్కు మీకు రాదు. 1857 నాటి చట్టం ప్రకారం అందుకు ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఇప్పుడు అది ఇచ్చేది న్యాయ మంత్రిత్వ శాఖ. మూసిన శ్మశాన నేలపై కొత్త కట్టడాలకు సాధారణంగా 1884 నాటి చట్టం అడ్డు. అంటే ముందువైపు గది పెంచుదామనే ఆలోచన మరిచిపోండి. చనిపోయినవారి బంధువులకు వచ్చిపోయే హక్కు సాధారణంగా దస్తావేజులోనే రాసి ఉంటుంది. మా దగ్గరికి మట్టల ఆదివారం నాడు వస్తారు. దక్షిణ వేల్స్‌లో దాన్ని పూల ఆదివారం అంటారు, మన సమాధుల పండుగలాగే రాళ్లు కడిగి పూలు పెడతారు. మొదటి ఏడాది ఒక పెద్దావిడ ఒంటరిగా బకెట్టు మోసుకుని వస్తే, వద్దన్న మా అమ్మే వెళ్లి నీళ్లు పట్టి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, గంటసేపు మాట్లాడుకున్నారు.

అసలు దెబ్బ తగిలింది మురుగు దగ్గర. వందేళ్లు వందలమంది పాడి ప్రార్థించిన చోట లోపల మరుగుదొడ్డి లేదు. కాలువ తవ్వాలంటే రాయి లేని సమాధి ఎక్కడ తగులుతుందో తెలియదు. పాత సంఘ కార్యదర్శి ఇంట్లో ఖననాల రిజిస్టరు దొరికింది కాబట్టి సరిపోయింది. గొట్టాలను ఇంటి వెనక నుంచి చుట్టూ తిప్పాం, అనుకున్న ఖర్చు రెట్టింపయింది.

గబ్బిలాలు ఉంటే వాటికి చట్టరక్షణ ఉంది. అవి గూటి నుంచి బయటికి వచ్చే వేళ లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబరు వరకే చేస్తారు. మేము అక్టోబరులో ఒప్పందం చేసుకున్నాం. తెలివితక్కువతనం. ఎనిమిది నెలలు ఊరికే కూర్చున్నాం.

మాది వారసత్వ జాబితాలో గ్రేడ్ 2 కట్టడం. ఆరాధన జరిగినన్నాళ్లూ జాబితా కట్టడాల అనుమతి నుంచి కొన్ని సంఘాలకు ఉండే మినహాయింపు తలుపులు మూసిన రోజే పోతుంది, అనుమతి లేకుండా లోపల మార్చినా నేరమే. నిలువెత్తు కిటికీలకు అడ్డంగా పై అంతస్తు వేయనివ్వలేదు. అటక లాంటి అంతస్తును కిటికీల నుంచి వెనక్కి జరిపి కట్టాం. డీకన్లు, అంటే సంఘ పెద్దలు, కూర్చునే 'పెద్ద పీట' తీయకూడదన్నారు, అందులోనే భోజనాల బల్ల వేసుకున్నాం. మొదటి మేస్త్రీ గోడలకు సిమెంటు పూత వేద్దామన్నాడు. రాతి గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచిపోతుంది. మా తాత ఇంటికి గానుగ సున్నం వాడటం చూసినవాడిని కాబట్టి ఒప్పుకోలేదు, సున్నంతోనే చేయించాను. ఇక చలి సంగతి: వెచ్చదనమంతా కప్పుకు ఎగిసిపోతుంది. నేల కింద ఇన్సులేషన్ వేసి, చాపెల్ లోపలి బాల్కనీ కింద చిన్న గదులు కట్టి, చలికాలమంతా అక్కడే గడుపుతాం.

డబ్బు గురించి రెండు మాటలు. ఇల్లు కాని కట్టడం కాబట్టి వేల్స్‌లో 2,25,000 పౌండ్ల వరకు కొనుగోలు పన్ను పడదు. ఇల్లుగా మార్చే పనికి కాంట్రాక్టరు వేయాల్సిన వ్యాట్ 20 కాదు, 5 శాతమే. మీరు సొంతంగా కొన్న సామగ్రిపై వ్యాట్ వెనక్కి అడగవచ్చు, అదీ పని ముగిసిన ఆరు నెలల్లోపు, ఒక్కసారే. బిల్లులన్నీ దాచండి. మామూలు ఇంటి రుణం మాత్రం దొరకదు, పని సాగేకొద్దీ విడతలుగా ఇచ్చే రుణం వెతుక్కోవాలి.

ఈ కారణంగానే వేలం అంటే నాకు భయం. సుత్తి పడగానే ఒప్పందం కుదిరినట్టే. అక్కడికక్కడే 10 శాతం, సాధారణంగా 28 రోజుల్లో మిగతాది. నివాసానికి మార్చుకునే ప్లానింగ్ అనుమతి తర్వాత రాకపోతే చేతిలో మిగిలేది మరుగుదొడ్డి లేని హాలు. మేము మొదట చూసినదాన్ని అలాగే వదిలేశాం. రెండోదాన్ని, అనుమతి వస్తేనే కొంటామన్న షరతుతో నేరుగా సంఘం నుంచి తీసుకున్నాం. పాత సంఘం పెట్టే షరతులు కూడా చదవండి. మా దస్తావేజులో మద్యం అమ్మకూడదు, జూదం ఆడకూడదు, ఆరాధనకు వాడకూడదు అని ఉంది. ఇంట్లో పదిమందిని పిలిచి ప్రార్థన పెట్టుకోవచ్చా అని సొలిసిటర్‌ని (లాయరుని) అడగాల్సి వచ్చింది!

వేలం పత్రాల్లో ఖననాల పటం, గబ్బిలాల సర్వే, ప్లానింగ్ అనుమతి ఉన్నాయేమో ఈ వారమే చూడండి. మూడూ లేకపోతే, అనుమతి షరతు మీద ముందే కొంటామని వేలందారుకు రాసి చూడండి. ఒప్పుకోకపోతే నేనైతే ఆ రోజు వేలానికి వెళ్లను.