రెండూ ‘సోషలే’ కదా, ఒకటి చాలదా?

(పాఠకుల ప్రశ్నలు – చదువులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు స్కాట్లాండులోని హైస్కూలు చదువు గురించే కావడంతో వాటిని ఒకేచోట ఇస్తున్నాము.)

ప్రశ్న: మేము రెండేళ్ల క్రితం హైదరాబాదు నుంచి ఎడిన్‌బరాకు వచ్చాము. మా అమ్మాయి ఇక్కడ ఎస్3 (హైస్కూలు మూడో ఏడు) చదువుతోంది. వచ్చే ఏడాది నుంచి పరీక్షలకు ఏయే సబ్జెక్టులు తీసుకుంటుందో రాసి పంపమని బడి నుంచి ఫారం వచ్చింది. తనేమో హిస్టరీ, మోడర్న్ స్టడీస్ రెండూ కావాలంటోంది. మావారు మెడిసిన్ ఆశ వదులుకోలేక, ‘రెండూ సోషలే కదా, ఒకటి చాలదా?’ అంటున్నారు. మోడర్న్ స్టడీస్ అన్న మాట ఫోనులో చెబితే మా అన్నయ్య ‘అదేం చదువమ్మా’ అని నవ్వాడు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? రెండూ తీసుకుంటే సైన్సు దారి మూసుకుపోతుందా?
— ఒక తల్లి, ఎడిన్‌బరా

జవాబు: మీ అన్నయ్యగారు నవ్వడంలో తప్పేమీ లేదు. మోడర్న్ స్టడీస్ పేరుతో ఒక సబ్జెక్టును బడిలో బోధించి, దానికి పబ్లిక్ పరీక్ష పెట్టే పద్ధతి స్కాట్లాండుకే ప్రత్యేకం. సరిహద్దు దాటి ఇంగ్లండుకు వెళితే అక్కడి తల్లిదండ్రులకు కూడా ఆ పేరు కొత్తగానే ఉంటుంది. 1960ల నుంచి పరీక్షల్లో ఉన్న ఈ సబ్జెక్టును మన మాటల్లో చెప్పాలంటే, పౌరశాస్త్రాన్ని, రాజనీతిశాస్త్రాన్ని, సమాజశాస్త్రాన్ని కలిపి, నిర్వచనాలుగా కాకుండా ఈనాటి వ్యవహారాల ఆధారంగా చదివించే చదువు అనవచ్చు. మన బడుల్లో పదో తరగతి వరకు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ సోషల్ అనే ఒక్క పేరుతోనే సాగుతాయి కనుక మీవారికి అవి రెండూ ఒకటిగా కనబడడం సహజమే. అక్కడ మాత్రం ఎస్3తో సాధారణ విద్య ముగిసి, ఎస్4లో నేషనల్ 5, ఎస్5లో హయ్యర్, ఆ పైన అడ్వాన్స్‌డ్ హయ్యర్ అనే మెట్లు మొదలయ్యాక, హిస్టరీ, మోడర్న్ స్టడీస్ వేర్వేరు ఉపాధ్యాయులు, వేర్వేరు పేపర్లు ఉన్న వేర్వేరు సబ్జెక్టులు.

నేషనల్ 5 మోడర్న్ స్టడీస్‌లో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది స్కాట్లాండులో, బ్రిటన్‌లో ప్రజాస్వామ్యం నడిచే తీరు. రెండోది సామాజిక అసమానతలు గాని, నేరాలు–చట్టం గాని. మూడోది అంతర్జాతీయ వ్యవహారాలు; ఇందులో ఒక పెద్ద దేశాన్ని ఎంచుకుని చదివితే, బ్రిటన్‌ను మినహాయించి జీ-20 దేశాల్లో ఏదైనా కావచ్చు కనుక నిబంధనల ప్రకారం భారతదేశాన్ని కూడా చదివించవచ్చు. అయితే ఏ అంశం చెప్పాలో నిర్ణయించేది బడి. చాలా బడులు అమెరికానో చైనానో దక్షిణాఫ్రికానో ఎంచుకుంటాయి.

మీ ఇంటికే వర్తించే ఉదాహరణ ఒకటి చెబుతాను. స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో, స్థానిక కౌన్సిళ్ల ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటు వేయవచ్చు. 14 ఏళ్లకే ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. భారతీయులు కామన్‌వెల్త్ దేశపు పౌరులు కనుక, వీసా మీద నివసిస్తున్న మీ దంపతులకు కూడా ఈ ఎన్నికల్లోనే కాక బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు హక్కు ఉంది. ఓటు అంటే పాస్‌పోర్టు మారిన తరువాతి సంగతి అనుకుని ఊరుకునే మనవాళ్లు తక్కువేమీ కాదు. ఇక స్కాటిష్ పార్లమెంటులోని 129 మంది సభ్యుల్లో 73 మంది మన ఎమ్మెల్యేల మాదిరిగా నియోజకవర్గాల నుంచి గెలిచివస్తే, మిగిలిన 56 మంది ప్రాంతాల వారీ పార్టీ జాబితాల నుంచి వస్తారు. అందుకే ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు ఇస్తారు. ఆ రెండో ఓటు దేనికో, దానివల్ల చిన్న పార్టీలకు ఒరిగేదేమిటో మోడర్న్ స్టడీస్ చదివే పిల్లలు తడుముకోకుండా చెబుతారు.

హిస్టరీ సంగతి వేరు. అందులోనూ మూడు విభాగాలు ఉన్నాయి: స్కాట్లాండు చరిత్ర, బ్రిటన్ చరిత్ర, యూరప్–ప్రపంచ చరిత్ర. ఒక్కో విభాగంలో ఒక్కో అంశాన్ని లోతుగా చదువుతారే గాని, మనలాగా సింధు నాగరికత దగ్గర మొదలుపెట్టి స్వాతంత్ర్యం దాకా ఏకబిగిన రారు. 1286 నుంచి 1328 వరకు సాగిన స్కాట్లాండు స్వాతంత్ర్య యుద్ధాలు, అట్లాంటిక్ బానిస వ్యాపారం, హిట్లర్ కాలపు జర్మనీ, అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో మన పిల్లలకు దగ్గరయ్యేది 1830–1939 నాటి ‘వలసలు–సామ్రాజ్యం’ అనే అంశం. డండీ నగరపు మిల్లులకు ముడి జనపనార బెంగాల్ నుంచే వెళ్లేది. ఆ పాఠం మొదలయ్యే కాలానికి కొంచెం ముందే స్కాట్లాండు నుంచి వచ్చినవారు మన నేల మీద వేసిన ముద్ర ఇంకా గాఢమైనది. దత్త మండలాల్లో కలెక్టరుగా రైత్వారీ పద్ధతిని స్థిరపరిచి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయత్తులను (స్థానిక చరిత్రలను) సేకరించిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవిలోని స్టోర్నవే. మీ అమ్మాయి తరగతిలో ఈ పేర్లు రాకపోవచ్చు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మన్రో పనిచేసిన సీమలోని గుత్తి కోటకు తీసుకువెళ్లి చూపించండి. తన రెండు ఊళ్లకూ మధ్య ఒక పాత దారి ఉందని తనకే తెలుస్తుంది.

తేడా ఒక్క మాటలో అడిగితే ఇలా చెబుతాను. హిస్టరీలో పిల్లల ముందు ఒక పాత ఉత్తరమో, పత్రికా ప్రకటనో పెట్టి, ఇది రాసినవారెవరు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, ఏమి చెప్పకుండా వదిలేశారు అని అడుగుతారు. మోడర్న్ స్టడీస్‌లో ఒక పట్టిక, ఒక సర్వే, ఒక నాయకుడి మాట పక్కపక్కన పెట్టి, ఈ అంకెలు ఆ మాటను ఎంతవరకు బలపరుస్తున్నాయని అడుగుతారు. మొదటిది కాగితాన్ని అనుమానించడం నేర్పితే రెండోది అంకెను అనుమానించడం నేర్పుతుంది. నా అభిప్రాయంలో ఒకటి చదివినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు కనుక, ఇష్టం ఉన్న పిల్లకు రెండూ ఇవ్వడమే మంచిది.

ఇక మీవారి భయం గురించి. అది అర్థం లేనిది కాదు. స్కాట్లాండులో వైద్య విద్యకు వెళ్లాలంటే హయ్యర్‌లో కెమిస్ట్రీ తప్పనిసరి, దానికి తోడు మరో సైన్సు గాని గణితం గాని అడుగుతారు. కొన్ని విశ్వవిద్యాలయాలు రెండు అడుగుతాయి. ఎస్4లో చాలా బడులు ఆరు లేదా ఏడు సబ్జెక్టులకు అవకాశం ఇస్తాయి. ఏడనుకుంటే, ఇంగ్లీషు, గణితం పోగా అయిదు మిగులుతాయి; కెమిస్ట్రీ, బయాలజీ, హిస్టరీ, మోడర్న్ స్టడీస్ పెట్టుకున్నా ఇంకొకదానికి చోటు ఉంటుంది. ఆరే అయితే సరిగ్గా సరిపోతుంది, ఫిజిక్స్‌ను మాత్రం వదులుకోవాలి. అసలు ఇబ్బంది ఎస్5లో వస్తుంది. అక్కడ సాధారణంగా అయిదు హయ్యర్లే చదువుతారు. ఇంగ్లీషు, గణితం, కెమిస్ట్రీ, బయాలజీ తీసుకున్నాక ఒక్క చోటే మిగులుతుంది కనుక, ఈ రెండింటిలో ఒకదాన్ని ఎస్5లోను, రెండోదాన్ని ఎస్6లోను హయ్యర్ చేయడం ఒక పద్ధతి.

ఫారం నింపే ముందు మరొకటి చూడండి. సబ్జెక్టులను కాలమ్‌లుగా విడదీసి, ఒక్కో కాలమ్ నుంచి ఒకటే ఎంచుకోమంటారు. హిస్టరీ, మోడర్న్ స్టడీస్ రెండూ ఒకే కాలమ్‌లో పడితే మీ ఇంట్లో జరుగుతున్న వాదనంతా వృథా. అలా జరిగితే కంగారు పడవద్దు. హిస్టరీని నేషనల్ 5లో తీసుకుని, మోడర్న్ స్టడీస్‌ను తరువాత నేరుగా హయ్యర్‌లో చేరడానికి చాలా బడులు ఒప్పుకుంటాయి. దాన్ని అక్కడ ‘క్రాష్ హయ్యర్’ అంటారు. ఇంగ్లీషులో గాని, హిస్టరీలో గాని మంచి గ్రేడు ఉండాలన్న షరతు పెడతారు. మీ బడి పద్ధతి ఏమిటో గైడెన్స్ టీచరును అడగండి. పెద్దయ్యాక లా వైపు మనసు మళ్లినా నష్టం లేదు. అక్కడి లా కోర్సులకు హయ్యర్ ఇంగ్లీషు కావాలంటారే గాని, ఫలానా సోషల్ సబ్జెక్టు ఉండి తీరాలని పట్టుబట్టరు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి వరకు విజయవాడలో చదివాను. ఇప్పుడు గ్లాస్గోలో హయ్యర్ హిస్టరీ, హయ్యర్ మోడర్న్ స్టడీస్ చదువుతున్నాను. ప్రీలిమ్స్‌లో (అసలు పరీక్షలకు ముందు బడిలో పెట్టే పరీక్షల్లో) తేదీలు, పేర్లు అన్నీ తప్పు లేకుండా రాసినా వ్యాసాలకు సగం మార్కులే వచ్చాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?
— ఎస్5 విద్యార్థి, గ్లాస్గో

జవాబు: బాబూ, హయ్యర్ హిస్టరీలో ఒక్కో వ్యాసానికి 22 మార్కులు. వాటిలో నువ్వు బట్టీ పట్టి రాసిన విషయ పరిజ్ఞానానికి దక్కేవి 6 మాత్రమే. మరో 6 విశ్లేషణకు, 4 మూల్యాంకనానికి, మిగిలిన 6 ఆరంభానికీ ముగింపుకూ సమంగా పంచుతారు. కనుక ఎంత తప్పు లేకుండా రాసినా, రాసింది వివరాల జాబితా అయితే అక్కడితో ఆగిపోతుంది.

ఉదాహరణకు 1906–1914 మధ్య బ్రిటన్‌లో లిబరల్ ప్రభుత్వం తెచ్చిన సంస్కరణలు ప్రజల అవసరాలు ఎంతవరకు తీర్చాయని అడిగారనుకుందాం. ‘1908 చట్టం ప్రకారం 70 ఏళ్లు దాటిన పేదవారికి వారానికి 5 షిల్లింగుల వరకు పింఛను ఇచ్చారు’ అన్నది విషయం. ‘దీనివల్ల వృద్ధులు దిక్కులేనివారి వసతిగృహాలకు పోకుండా తమ ఇంట్లోనే ఉండగలిగారు, కాని అప్పటి కూలి జనంలో 70 దాకా బతికేవారే తక్కువ’ అన్నది విశ్లేషణ. ‘అందువల్ల వృద్ధుల విషయంలో ఇది మంచి ఆరంభమే అయినా, పేదరికం మొత్తాన్ని తీసుకుంటే దాని ప్రభావం పరిమితం’ అన్నది మూల్యాంకనం. మన పరీక్షల్లో మొదటి వాక్యం దగ్గరే మార్కు పడుతుంది. అలవాటు మానుకోవడానికి కొన్ని నెలలు పట్టడం మామూలే. ఒక్కో పేరాలో రెండో వాక్యం ‘దీనివల్ల’ అనో ‘కాని’ అనో మొదలుపెట్టమని నియమం పెట్టుకో.

మోడర్న్ స్టడీస్‌లో నీకు ఇంకొక ఊరట ఉంది. మొత్తం 110 మార్కుల్లో వ్యాసాలది 52. రెండో పేపరులోని 28 మార్కులకు కంఠస్థం చేయవలసిందేమీ ఉండదు. ఇచ్చిన పట్టికలు, వ్యాఖ్యలు చూసి ముగింపులు రాబట్టడం, ఒక అభిప్రాయం ఎంతవరకు నిజమో తేల్చడం, ఏ ఆధారం ఎక్కువ నమ్మదగిందో చెప్పడం, అంతే. మిగిలిన 30 నువ్వే ఎంచుకున్న అంశం మీద రాసే అసైన్‌మెంటుకు. దానికి నీకు నిజంగా ఆసక్తి ఉన్న అంశం తీసుకో. తరగతిలో అందరూ రాసేదే రాస్తే వాదన పలచబడుతుంది. వ్యాసాల్లో మాత్రం పాత ఉదాహరణలు పనికిరావు. రెండు మూడేళ్ల లోపువి వాడాలి కనుక రోజూ వార్తలు చదువుతూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకో.

ప్రశ్న: హయ్యర్ హిస్టరీలో ఈమధ్య ఒక ఏడాది చాలామంది దెబ్బతిన్నారని విన్నాము. మావాడిని ఆ సబ్జెక్టులో చేర్చడం ప్రమాదమా?
— ఒక తండ్రి, అబర్డీన్

జవాబు: మీరు విన్నది 2024 సంగతి. ఆ ఏడాది ఎ నుంచి సి వరకు గ్రేడులు తెచ్చుకున్నవారు అంతకు ముందటి ఏడాది కంటే సుమారు 13 శాతం పాయింట్లు తగ్గి 65.7 శాతానికి దిగారు. స్కాట్లాండు చరిత్ర పేపరును మునుపటికంటే కఠినంగా దిద్దారని ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పగా, పరీక్షల సంస్థ అయిన ఎస్‌క్యూఏ సమీక్ష జరిపించి, దిద్దే ప్రమాణం మారలేదని, ఆ ఏటి జవాబులే బలహీనంగా ఉన్నాయని తేల్చింది. ఆ తీర్పు అందరికీ రుచించలేదు. 2025లో చేసిన చట్టంతో ఎస్‌క్యూఏ స్థానంలోనే క్వాలిఫికేషన్స్ స్కాట్లాండ్ అనే కొత్త సంస్థను ఏర్పాటు చేశారు, అయితే దానికి కారణాలు ఈ ఒక్క వివాదం కాదు, ఇంకా పాతవి. ఒక్క ఏటి ఫలితం చూసి ఇష్టమైన సబ్జెక్టు మాన్పించడం నాకు సబబుగా తోచదు. పాత ప్రశ్నపత్రాలు, వాటిని దిద్దేవారికి ఇచ్చే సూచనలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి. స్కాట్లాండు చరిత్ర పేపరుకు ఆ సూచనలను మీవాడి పక్కన కూర్చుని మీరూ ఒకసారి చదవండి.