టర్బో పెట్టిన పెట్రోల్ కారుకి ఏ ఫ్యూయల్ పంపు, ఏ ఇంజెక్టర్లు వేసుకోవాలి?

ఇంజిన్ పని అయిపోయింది, 220 హెచ్‌పీ కావాలి, ఇక పంపూ ఇంజెక్టర్లే మిగిలాయని మీరు రాశారు. నా 2002 హోండా సిటీ వీటెక్‌ని కూడా ఆ లెక్కకే కట్టించాను. కంపెనీ ఇచ్చింది 106. మిగతాదంతా నా జీతం.

సైజు లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. టర్బో ఇంజిన్ ఒక్కో హెచ్‌పీకి గంటకు దాదాపు 0.27 కిలోల పెట్రోలు తాగుతుంది. 220కి 60 కిలోలు, అంటే 81 లీటర్లు. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోటి నిమిషానికి 340 సీసీ పోయాలి. డ్యూటీ, అంటే ఇంజెక్టరు తెరుచుకుని ఉండే సమయం, 80 శాతం దాటనివ్వకూడదు కాబట్టి 425 అనుకోండి. బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో సత్తువ పెట్రోలులో మూడింట రెండు వంతులే కనుక ఇంకో 7 శాతం కలపండి, 455 అవుతుంది. కాస్త మిగులు ఉంచుకుంటే 550 సీసీ ఇంజెక్టర్లు, గంటకు 255 లీటర్ల పంపు చాలు. వెయ్యి సీసీవి వేయమనే యూట్యూబ్ మేధావుల మాట వింటే ఐడిల్‌లో బండి దగ్గుతూనే ఉంటుంది.

నేనూ ఇవే వేశాను. విజయనగరం నుంచి సాలూరు దాకా బుద్ధిగా నడిచింది. రాత్రి సుంకి ఘాట్ ఎక్కుతూ, లైట్లూ ఏసీ వేసుకుని, రోడ్డు ఖాళీగా ఉంది కదా అని మూడో గేరులో పూర్తిగా తొక్కాను. పక్కన బావమరిది వైడ్‌బ్యాండ్ మీటరు చదువుతున్నాడు. ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి పోతోందో చూపేది అది; తొక్కినప్పుడు అంకె పెరిగితే పెట్రోలు చాలట్లేదని. "పదకొండున్నర... పన్నెండు... బావా, పదమూడున్నర!" డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు. కాలు తీసేశాను. ఇంకాసేపు తొక్కి ఉంటే పిస్టన్లు కరిగేవి.

టర్బో ఒక బార్ ఒత్తిడితో (బూస్ట్) గాలి తోస్తున్నప్పుడు, ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో (ఫ్యూయల్ రైల్) 4 బార్ ప్రెషర్ ఉండాలి. నాకు 3.2 దగ్గరే ఆగిపోయింది. పంపు పోయిందనుకుని కొత్తది తెప్పించాను. ఆన్‌లైన్‌లో ఒకడు 'ఒరిజినల్' అని పంపిన పెట్టె మీద స్పెల్లింగే తప్పు! వాడితో మూడు వారాలు గొడవపడి డబ్బులు వెనక్కి రాబట్టి, ఈసారి అసలుది తెప్పించి బిగించాను. అదే ఘాట్, అదే పదమూడున్నర.

సాలూరంటే లారీల ఊరు. అక్కడ లారీల వైరింగ్ చేసే ఓ పెద్దాయన దగ్గర ఆపాను. టర్బో ఏమిటో ఆయన అడగలేదు. వెనక సీటు లేపించి, పంపు ప్లగ్గులో మల్టీమీటర్ సూదులు గుచ్చి, అన్నీ ఆన్ చేసి రేజ్ చెయ్యమన్నాడు. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. పంపు దగ్గర 10.8.

"ఏటి బాబూ, లో ఓల్టేజీలో బోరు మోటరు నీరు తోడతాదేటి? ఇదీ మోటరే కదా!"

ఇరవై ఏళ్ళ నాటి సన్న వైరు. ఎర్త్ బోల్టుని గోటితో గీకితే తుప్పు పొడిలా రాలింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, అక్కణ్ణుంచి లావు వైరు లాగి, రిలే (చిన్న కరెంటు సిగ్నల్‌తో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) ద్వారా పంపుకి ఇచ్చి, ఎర్త్ కొత్తది వేశాడు. పాత వైరుని రిలేకి సిగ్నల్‌గా ఉంచాడు. మీరూ అలాగే చేయండి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఇంజిన్ ఆగినా పంపు ఆగదు, యాక్సిడెంట్ అయితే అగ్గే. మొత్తం 1,100 రూపాయలు, టీ కూడా ఆయనదే. తిరిగి ఘాట్ ఎక్కితే వైడ్‌బ్యాండ్ ముల్లు 11.6 దగ్గర కదల్లేదు.

ఇంకో మాట. ట్యాంకు లోపల పంపుకి మామూలు రబ్బరు ట్యూబు బిగించే మెకానిక్‌లు ఉన్నారు. నాది ఆర్నెల్లకే నానిన అప్పడంలా మెత్తబడింది. పెట్రోలులో మునిగినా తట్టుకునే రకం, జే30 ఆర్10 అని ముద్ర ఉన్నదే అడగండి. పెళ్ళిళ్ళలో "మైలేజ్ ఎంతిస్తుంది?" అని అడిగే చిన్నాన్నలకి మాత్రం నా దగ్గర మందు లేదు.

చెడిపోయిందని తీసేసిన ఆ మొదటి పంపు ఇంకా నా బీరువాలోనే ఉంది. మొన్న వైర్లు తగిలించి చూశాను, లక్షణంగా తిరుగుతోంది.