అసలును ముట్టుకోకుండా విశ్రాంత జీవితం గడుస్తుందా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, మావారికి 59. మరో ఏడాదిలో ఇద్దరమూ ఉద్యోగ విరమణ చేయబోతున్నాం. మేముంటున్న ఇల్లు, ఒక ఖాళీ స్థలం, బ్యాంకు డిపాజిట్లు, కొద్దిపాటి షేర్లు ఉన్నాయి. వీటన్నిటి విలువా కూడి చూసి, అసలు కదపకుండా వడ్డీతోనే హాయిగా బతకవచ్చని మావారు అంటున్నారు. అంత పెద్ద మొత్తం కళ్ల ముందు కనిపిస్తున్నా నాకెందుకో ధైర్యం చాలడం లేదు. నాది అనవసర భయమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయానికి కారణం ఉంది. మీవారు కూడిక సరిగానే చేశారు కానీ, కూడినవన్నీ ఒకే రకం ఆస్తులు కావు. జీతం వస్తున్నంత కాలం నెల ఖర్చును అదే చూసుకుంటుంది కాబట్టి ఆస్తి విలువ ఎంతన్నదే మనకు ముఖ్యం. జీతం ఆగిన మరుసటి నెల నుంచి మాత్రం, ఆ ఆస్తి నెలకెంత ఇస్తుంది, ఎన్నేళ్లపాటు ఇస్తుంది అని చూసుకోవలసి వస్తుంది. మీరుంటున్న ఇల్లు అద్దె మిగులుస్తుంది, అది చిన్న మేలేమీ కాదు. అయితే వైద్యానికి సొమ్ము కావలసి వస్తే అందులో ఒక గదిని అమ్ముకోలేం. ఖాళీ స్థలం ఆ పాటి మేలు కూడా చేయదు; కొనేవారు వచ్చి సొమ్ము చేతికిచ్చేదాకా దాని ధర మన అంచనా మాత్రమే. ఈ రెంటినీ పక్కన పెట్టి, మిగిలిన డిపాజిట్లు, షేర్ల విలువ మీ ఏడాది ఖర్చుకు ఎన్ని రెట్లుందో ముందు చూడండి.

ఇక అసలు ముట్టుకోకూడదన్న నియమం. 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్, మనుషులు తమ డబ్బును మనసులోనే వేర్వేరు పద్దులుగా విడదీసుకుంటారని, ఒక్కో పద్దుకు ఒక్కో నీతి పాటిస్తారని వివరించాడు. అసలు పవిత్రమైనది, వడ్డీ ఖర్చు పెట్టుకోదగినది అనుకోవడం అలాంటి విభజనే. కూడబెట్టే వయసులో ఈ నియమం మనల్ని ఎంతో కాపాడుతుంది, కాదనను. విరమణ తర్వాత మాత్రం అది మనకు తెలియకుండానే మోసం చేస్తుంది.

డిపాజిట్టు నూరు, వడ్డీ 7 శాతం, ధరల పెరుగుదల 6 శాతం అనుకుందాం. ఏటా ఆ 7 మాత్రమే ఖర్చు చేస్తూ పోతే, 12 ఏళ్ల తర్వాత కూడా పాస్‌బుక్కులో నూరే కనిపిస్తుంది. కానీ ధరలు అప్పటికి రెట్టింపై ఉంటాయి గనుక దాని కొనుగోలు శక్తి సగానికి పడిపోతుంది, దానిమీద వచ్చే వడ్డీ కూడా పాత లెక్కలో మూడున్నరకే సమానం. అంటే ముట్టుకోలేదనుకున్న అసలులో సగం మనం తినేసినట్టే. అంకె మారలేదు కాబట్టి నష్టం లేదనుకునే ఈ పొరపాటును 1928లోనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ డబ్బు భ్రమ అన్నాడు. అసలు విలువ నిజంగా నిలవాలంటే ఆ 7లో 6 మళ్లీ అసలులోనే కలపాలి; చేతికి మిగిలేది ఒక్కటే. అలా కాకుండా, 30 ఏళ్లలో అసలు కూడా పూర్తిగా ఖర్చయ్యేలా ముందే లెక్క వేసుకుంటే, తొలి ఏడాది నాలుగుకు కాస్త తక్కువ తీసుకుని, ఆపై ఏటా ధరలతోపాటు పెంచుకుంటూ పోవచ్చు. అసలును కొంచెం కొంచెంగా, తెలిసి తినడమే నాకు నిజాయితీ గల లెక్కగా కనిపిస్తుంది.

విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు 1994లో మరో దారిలో దాదాపు ఇదే అంకెకు చేరాడు. షేర్లు, బాండ్లు కలిపిన పెట్టుబడి నుంచి తొలి ఏడాది 4 శాతం తీసి, తర్వాత ధరలకు తగ్గట్టు పెంచుతూ పోయినా, అమెరికా పాత గణాంకాల ప్రకారం ఆ సొమ్ము కనీసం 30 ఏళ్లు నిలిచింది. ఒక దేశపు గతం మీద కట్టిన లెక్క కాబట్టి దాన్ని హామీగా తీసుకోకండి.

షేర్ల విషయంలో సగటు రాబడి కంటే పతనం ఎప్పుడు వస్తుందన్నది ముఖ్యం. నూరులో 5 ఖర్చుకు తీసిన ఏడాదే మార్కెట్ 30 శాతం పడితే 66.5 మిగులుతుంది, అది మళ్లీ నూరు కావాలంటే 50 శాతానికి పైగా పెరగాలి. అందుకే రెండు మూడేళ్ల ఖర్చును డిపాజిట్లలో విడిగా ఉంచుకుంటే, పడిన ధరకు షేర్లు అమ్ముకోవలసిన అవస్థ తప్పుతుంది.

ప్రశ్న: జీవితాంతం నెలనెలా పింఛను ఇచ్చే యాన్యుటీలో కొంత డబ్బు పెట్టాలనుకుంటున్నాను. కానీ రెండేళ్లకే పోతే డబ్బంతా వృథాయే కదా అనిపిస్తోంది.
– మరో పాఠకుడు

జవాబు: వారసులకు ఏమీ మిగల్చనక్కరలేని వ్యక్తి తన పొదుపును యాన్యుటీగా మార్చుకోవడమే మేలని అర్థశాస్త్రవేత్త మెనాహెమ్ యారీ 1965లో సిద్ధాంతపరంగా చూపాడు. అయినా స్వచ్ఛందంగా కొనేవారు తక్కువే. అర్థశాస్త్రవేత్తలు దీన్ని యాన్యుటీ చిక్కుముడి అంటారు. మీరు దాన్ని పందెంగా చూస్తున్నారు కాబట్టి తొందరగా పోతే ఓడినట్టు అనిపిస్తోంది. నిజానికి అది 95 ఏళ్లదాకా బతికితే చేతిలో చిల్లిగవ్వ ఉండదేమోనన్న ప్రమాదానికి తీసుకునే బీమా. పింఛను మొత్తం స్థిరంగా ఉంటే ధరల పెరుగుదల దాన్నీ కరిగిస్తుంది కనుక, ఆపలేని ఖర్చులకు సరిపడేంత మాత్రమే అందులో పెట్టండి. మీ తర్వాత జీవిత భాగస్వామికి కొనసాగే పథకమైతే పింఛను కొంత తగ్గుతుందని కూడా కొనేముందే లెక్క చూసుకోండి.