సదరంలో 25 శాతమే వచ్చిందని ఆగిపోకండి

మీ బాబుకు ఎనిమిదేళ్ళనీ, మేధో వైకల్యం ఉందని డాక్టర్లు చెప్పినా, ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రమైన సదరం సర్టిఫికెట్‌లో 25 శాతమే వేశారనీ, 40 శాతం లేనిదే పింఛను రాదని సచివాలయంలో చెప్పారనీ రాశారు. ఇక ఈ ప్రయత్నం మానుకోవాలా అని అడిగారు. మానుకోకండి. ఆరేళ్ళ క్రితం, మా అబ్బాయి తొమ్మిదో ఏట, సరిగ్గా ఇదే 25 శాతం కాగితం పట్టుకుని నేను కూడా ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాను.

ముందుగా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మేము వెళ్ళినప్పుడు అమల్లో ఉన్న 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, తెలివితేటల పరీక్షతో పాటు, బిడ్డ తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి పరీక్ష కూడా చేసేవారు. వైకల్య శాతం తేలేది ఈ రెండో పరీక్షలో వచ్చిన స్కోరును బట్టే. స్కోరు 70 నుంచి 84 వరకు ఉంటే 25 శాతం, 55 నుంచి 69 వరకు ఉంటే 50 శాతం, 36 నుంచి 54 వరకు ఉంటే 75 శాతం వేసేవారు. ఆ పరీక్షలో ప్రశ్నలకు జవాబు చెప్పేది చాలావరకు బిడ్డ కాదు, పక్కన కూర్చున్న తల్లి.

చొక్కా తనే తొడుక్కుంటాడా అని అడిగారు. తొడుక్కుంటాడండీ అన్నాను. అది అబద్ధం కాదు, చేతులు దూర్చుకుంటాడు. కానీ గుండీలు పెట్టేది నేను, పెట్టకపోతే అలాగే బడికి వెళ్ళిపోతాడు. అన్నం తింటాడా అంటే తింటాడన్నాను. కలిపి, ముద్దలు చేసి కంచం అంచున పెడితేనే తింటాడని చెప్పలేదు. దుకాణానికి వెళ్తాడా అంటే వెళ్తాడన్నాను. చీటీ రాసి చేతిలో పెడతాననీ, వాడు తిరిగి వచ్చేదాకా వీధి చివర నిలబడి చూస్తుంటాననీ, చిల్లర ఎంత ఇచ్చినా లెక్క చూడకుండా తెచ్చేస్తాడనీ నోటికి రాలేదు. నలుగురిలో బిడ్డను తక్కువ చేసి మాట్లాడకూడదని ఏళ్ళ తరబడి అలవాటు చేసుకున్న దాన్ని కాబట్టి ఆ గదిలో కూడా అలాగే మాట్లాడాను. మీరు కూడా అలాగే మాట్లాడి ఉంటారని నాకు అనిపిస్తోంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సర్టిఫికెట్ ఇచ్చిన వారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కును 59వ సెక్షన్‌లో ఇచ్చింది. నేను మళ్ళీ పరీక్ష చేయమని అర్జీ పెట్టి, వెళ్ళేముందు పదిహేను రోజుల పాటు, పళ్ళు తోముకోవడం మొదలు పడుకునే దాకా ఏ పనిలో ఎంత సాయం చేయవలసి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. క్లాసు టీచరు చేత ఒక పేజీ రాయించుకున్నాను, పాత మందుల చీటీలన్నీ తేదీల వరుసలో కుట్టుకున్నాను. లేనిది కల్పించమని నేను చెప్పడం లేదు. చేస్తాడు అన్న మాట వెనక మీ చేయి ఎంత ఉందో అది కూడా చెప్పమంటున్నాను. రెండోసారి మా వాడికి 50 శాతం వచ్చింది.

40 శాతం దాటితే తెరుచుకునేది పింఛను ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. అయితే మేధో వైకల్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా గురించి చాలా మంది తల్లిదండ్రులకు తెలియదు. అందులో చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు అవసరం లేదు, ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వర్తిస్తుంది, స్పీచ్ థెరపీ వంటి వాటికి కూడా కొంత వస్తుంది. ఏటా మరచిపోకుండా రెన్యువల్ చేయించుకోవాలి. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవారికి 75,000 రూపాయల మినహాయింపు, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. తోడు లేనిదే ప్రయాణించలేని మన పిల్లలకూ, వారి వెంట వచ్చే ఒకరికీ రైల్లో స్లీపర్, మూడో ఏసీ తరగతుల్లో టికెట్టుపై 75 శాతం రాయితీ ఇస్తారు.

మరొక విషయం ఇప్పుడే చెప్పి ఉంచుతాను. బాబుకు 18 ఏళ్ళు నిండిన రోజు నుంచి, చట్టం దృష్టిలో మీరు సహజ సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుంటే కోర్టుకు వెళ్ళకుండానే మిమ్మల్ని చట్టబద్ధ సంరక్షకులుగా నియమిస్తారు. బ్యాంకు ఖాతాకూ, ఆస్తి వ్యవహారాలకూ ఆ ఉత్తర్వు అవసరం పడుతుంది.

అప్పీలు తేలే వరకు బాబు చదువును, శిక్షణను ఆపకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో నడిచే భవిత కేంద్రానికి తీసుకువెళ్ళి, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలవండి. ఫిజియోథెరపిస్టు ఏ రోజున వస్తారో అడగండి. మా వాడు గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టింది అటువంటి కేంద్రంలోనే, పెద్ద గుండీలు కుట్టిన ఒక పాత గుడ్డ మీద, ఏడు నెలలు పట్టింది.