తమ్ముడికి యాంటీబాడీ రిజెక్షన్ అంటున్నారు, బయాప్సీ చేయించాలా?

మూడేళ్ల క్రితం నాన్నగారి కిడ్నీ పెట్టిన మీ తమ్ముడికి క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.3 నుంచి 1.9కి పెరిగిందని, డీఎస్‌ఏ అనే యాంటీబాడీల పరీక్ష పాజిటివ్ వచ్చిందని, వాటివల్ల ఒళ్లు ఆ కిడ్నీని తిప్పికొడుతోందని (రిజెక్షన్) అంటున్నారని రాశారు. నొప్పి లేదు, యూరిన్ బాగానే వస్తోంది, సూది గుచ్చితే ఉన్నది కూడా పాడవుతుందని బంధువులు అంటున్నారట. డాక్టర్ బయాప్సీ (సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించమన్నాక ఆలస్యం చేయకండి. నాకూ అప్పట్లో నొప్పి లేదు, వాపు లేదు. గాజువాకలో రోజూ బస్సెక్కి డ్యూటీకి వెళ్లొస్తూనే ఉన్నాను.

నాకు 2012లో అమ్మ కిడ్నీ ఇచ్చింది. 2015 మొదట్లో చెకప్‌కి వెళ్తే 1.2 ఉండే క్రియాటినిన్ 2.1 అయి కూర్చుంది. మందులు మానేశావా అని డాక్టర్ అడిగితే హుద్‌హుద్ కథ చెప్పాను. 2014 అక్టోబరు 12న తుపాను, కరెంటు లేదు, రోడ్లకి అడ్డంగా చెట్లు, షాపులు మూత, కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే మందు టాక్రోలిమస్ నాలుగు రోజులు లేదు. అంతా నిజమే. వైజాగ్‌లో ఎవరికి చెప్పినా నమ్ముతారు. ఆయన మాట్లాడకుండా ఫైల్లోంచి పాత టాక్రో లెవెల్ (రక్తంలో ఆ మందు ఎంతుందో చూపే) రిపోర్టులు తీసి బల్ల మీద వరసగా పరిచారు. ఒకటి 8, ఒకటి 3, మళ్లీ 7. అన్నీ తుపానుకి ముందువే. "ఎన్ని తుపాన్లు వచ్చాయి బాబూ?" అన్నారు. పక్కనే అమ్మ. నైట్ షిఫ్టుల్లో రాత్రి డోసు ఎగ్గొట్టేవాణ్నని ఆవిడ ముందు ఎలా చెప్పను? తల దించుకున్నాను.

డీఎస్‌ఏ అంటే, ఇచ్చినవాళ్ల కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్ గుర్తుల్ని పట్టుకునే యాంటీబాడీలు. ఇవి కిడ్నీలోని సన్నటి రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. డోసులు తప్పితే పుట్టే అవకాశం బాగా ఎక్కువ. అలాగని మీ తమ్ముడు మానేశాడని నేననను, సరిగ్గా వాడినవాళ్లకీ వస్తాయి. గతంలో రక్తం ఎక్కించుకోవడం వల్ల, ఆడవాళ్లకైతే కాన్పుల వల్ల ముందే ఉండొచ్చు కూడా. క్రియాటినిన్ పెరగడానికి కారణాలు బోలెడు. టాక్రో ఎక్కువైనా పెరుగుతుంది, ఈ మందులతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు కిడ్నీలో రెచ్చిపోయే బీకే వైరస్ వల్లా పెరుగుతుంది. వైరస్ అయితే మందులు తగ్గించాలి, రిజెక్షన్ అయితే పెంచాలి. ఏదో తేలకుండా వైద్యం ఎలా చేస్తారు? అందుకే బయాప్సీ.

మార్పిడి కిడ్నీ పొత్తికడుపు పక్కనే ఉంటుంది కాబట్టి నన్ను వెల్లకిలా పడుకోబెట్టే చేశారు. మత్తు సూది, స్కాన్ చూస్తూ 'టక్' మని ఒక చప్పుడు, అంతే. తర్వాత ఆరు గంటలు కదలకుండా పడుకోవడమే విసుగు. రక్తస్రావం అయ్యే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, యూరిన్ ఎర్రగా వస్తే వెంటనే చెప్పమంటారు. నా రిపోర్టులో సీ4డీ పాజిటివ్ వచ్చింది, అంటే యాంటీబాడీలు కిడ్నీ మీద పడ్డ ఆనవాలు.

మెడ దగ్గర కాథెటర్ పెట్టి రోజు విడిచి రోజు ఐదుసార్లు ప్లాస్మాఫెరిసిస్ (యాంటీబాడీలున్న ప్లాస్మాని రక్తంలోంచి తీసేయడం) చేశారు. మిషన్ పక్కన వేలాడే సంచిలోకి నా ప్లాస్మా గడ్డివాము రంగులో దిగుతుంటే అమ్మ అటు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఆ తర్వాత ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ముందే ఎక్కిస్తే ప్లాస్మాతోపాటు అదీ పోతుందట. ఆ రాత్రి తలనొప్పి మాత్రం చెప్పలేను. బిల్లు సంగతి ఇంకా చెప్పలేను, ముందే అంచనా అడిగి పెట్టుకోండి.

కిడ్నీ పోయినట్టేనా అని కూడా అడిగారు మీరు. నాది పోలేదు, అలాగని మునుపటిలా కాలేదు. క్రియాటినిన్ 1.7 దగ్గర ఆగింది, 1.2కి మళ్లీ రాలేదు. యూరిన్‌లో కాస్త ప్రోటీన్ పోతూనే ఉంది. దీన్ని ఖాయంగా నయం చేసే మందేమీ లేదు. కిడ్నీలో మచ్చలు ఎంతవరకు పడ్డాయో బయాప్సీలోనే తెలుస్తుంది, మీవాడిది ఎలా ఉంటుందన్నది దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

టాక్రో లెవెల్‌కి రక్తం ఇచ్చే రోజు పొద్దుటి డోసు రక్తం ఇచ్చాకే వేసుకోమనండి. నేను పరీక్షకి రెండ్రోజుల ముందు నుంచి బుద్ధిమంతుణ్నయ్యేవాణ్ని, అయినా దొరికిపోయాను.

ఇంకొక్కటి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏదో వంకతో నాన్నగారిని ఓ పది నిమిషాలు టీకి తీసుకెళ్లండి. తమ్ముణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి.