ఓబీడీ సమాధానాలను విడదీసే యాప్ రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

బండి స్థితినీ లోపాలనూ తెలిపే ఓబీడీ వ్యవస్థకు తగిలించే ఈఎల్‌ఎం 327 అడాప్టర్ బ్లూటూత్ ద్వారా పంపే సమాధానాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల వరుసలో కావలసిన భాగాన్ని పట్టే ప్యాటర్న్‌లతో, విడదీయాలనుకుంటున్నట్టు రాశావు. తప్పక చెయ్యి, కానీ ప్యాటర్న్ రాసే ముందు, దానికి అందేది పూర్తి సమాధానమేనా అన్నది చూసుకో. బ్లూటూత్ మీద ఒకే జవాబు రెండు మూడు ముక్కలుగా రావచ్చు. జవాబు ముగిసిందని అడాప్టర్ ‘>’ గుర్తుతో తెలుపుతుంది కాబట్టి, అది కనబడేదాకా అక్షరాలన్నిటినీ బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పోగుచేసి, ఆ తరువాతే వరుసలుగా విడగొట్టు.

కూలెంట్ ఉష్ణోగ్రత కోసం 0105 అని అడిగితే 41 05 73 అని వచ్చిందనుకో. 41 05 అన్నది ఆ ప్రశ్నకు జవాబని తెలిపే గుర్తు. ఆ 73 హెక్స్ సంఖ్య, అంటే 0 నుంచి 9 అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ అక్షరాలనూ వాడి పదహారు ఆధారంగా రాసేది; మన లెక్కలో 115. అందులోంచి 40 తీసేస్తే 75 డిగ్రీల సెల్సియస్. అంకెలను మాత్రమే పట్టే ప్యాటర్న్ రాస్తే 72 నుంచి 81 డిగ్రీల వరకు చక్కగా పనిచేసి, 82 నుంచి 87 వరకు హెక్స్‌లో రెండో స్థానంలోకి ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు రావడంతో రీడింగులు మాయమై, 88 దగ్గర మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అప్పుడు నువ్వు అడాప్టర్‌నే అనుమానిస్తావు.

ప్యాటర్న్‌ను వరుస మొదటికీ చివరికీ కట్టెయ్యడం మరచిపోవద్దు. లేకపోతే, ఖాళీలు తీసేశాక, 14 10 57 30 అనే వేరే బైట్ల నడుమ నుంచి కూడా 410573 దొరుకుతుంది. ‘నో డేటా’ వంటి సందేశాలకు వేరే ప్యాటర్న్ పెట్టు. జవాబు రాకపోవడాన్ని సున్నాగా చూపించవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది లోపాల కోడ్‌ల దగ్గర. లోపాల కోడ్‌లను అడిగితే వచ్చే జవాబు 43తో మొదలవుతుంది. క్యాన్ ప్రోటోకాల్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే కొత్త పద్ధతి) వాడే బండ్లలో ఆ 43 తరువాత ముందుగా కోడ్‌ల సంఖ్య వస్తుంది. పాత ప్రోటోకాళ్లలో నేరుగా కోడ్‌లే మొదలవుతాయి. క్యాన్ బండి 43 01 01 33 అని పంపితే అది ఒకే లోపం, పీ0133, ఆక్సిజన్ సెన్సర్ మందకొడిగా స్పందిస్తోందని. దాన్నే పాత పద్ధతిలో చదివితే పీ0101 అవుతుంది, అంటే గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్‌ది. నీ యాప్‌ను నమ్మినవాడు బాగున్న సెన్సర్‌ను డబ్బు పోసి మార్పిస్తాడు. అందుకే ప్రోటోకాల్ ఏదో అడాప్టర్‌నే ముందు అడిగి, దానికి తగిన ప్యాటర్న్‌ను ఎంచుకో.

వేర్వేరు బండ్ల నుంచి వచ్చిన ముడి సమాధానాలను ఫైళ్లలో దాచి, ప్యాటర్న్ మార్చిన ప్రతిసారీ వాటన్నిటి మీదా పరీక్షించు. క్యాన్ బండిదొకటి, పాత బండిదొకటి నాకూ పంపు, చూసి రాస్తాను.

ఇట్లు,
నీ బాబాయి