హైస్కూల్ పిల్లలకు ప్రభుత్వ విధానాల మీద పరిశోధన ఎలా నేర్పాలి?

మీరు వరంగల్‌లో తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతున్నట్లయితే, నిర్వచనాలతో కాకుండా పిల్లలు కళ్లారా చూసిన సమస్యతో మొదలుపెట్టండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి కదా. గోడ మీద నీటి మరక ఇంకా కనిపించే ఇల్లుంటే టేపుతో కొలవమనండి. ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోమనండి.

తర్వాత ప్రశ్నను చిన్నది చేయించాలి. "వరదలు ఎందుకొస్తాయి?" అంటే చేతికి అందదు. "మా కాలనీ నాలా వెడల్పు రికార్డులో ఎంత, ఇప్పుడెంత?" అంటే తేల్చగలరు. రికార్డు కోసం బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. సంతకం మీదైనా ప్రశ్నలు వాళ్లవే కావాలి.

అసలు కష్టం విశ్లేషణలో ఉంది. "ఆక్రమణలు కూల్చేయాలి" అని క్లాసంతా ఒకే మాట అనొచ్చు. అక్కడే ఆపండి. శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే భూమి) అని తెలియక అప్పుచేసి ప్లాటు కొన్నవాళ్లు ఎక్కడికి పోవాలి? కూల్చడం, నాలా వెడల్పు చేయడం, చెరువులో పూడిక తీయడం: ఒక్కోదానికి ఖర్చెవరిది, నష్టమెవరికి? కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి మత్తడి (అలుగు) దూకితే నీళ్లు కిందిదానికి చేరేవి. ఆ దారిని మ్యాప్ మీద గీయించండి, వాదన దానంతటదే మారుతుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

చివరికి రెండు పేజీల నివేదిక చాలు. దాన్ని కార్పొరేటర్‌కు పిల్లలే స్వయంగా ఇవ్వాలి.